పొడి ఇసుక

ఊదు, ఊదు, ఊదు, ఆపొద్దు, ఇంకా, ఇంకా, అని మూసిన తలుపు వెనక పరీక్ష చేసే మనిషి కేకలు వేస్తుంటే, బయట బెంచీ మీద కూర్చున్న రోసమ్మ తనకు తెలియకుండానే గాలి పీల్చి వదులుతోంది. లోపల ఉన్నది ఆమె భర్త యెషయా. ఆయనకు బదులు తాను ఊదితే కుదిరేటట్టయితే ఎంత బాగుండేది. ఈపాటికి ముక్కుకు క్లిప్పు పెట్టి ఉంటారు, నోట్లో అట్టగొట్టం పెట్టి ఉంటారు. పోయినసారి తలుపు సందులోంచి చూసింది, అంత మనిషీ పాఠం అప్పజెప్పలేని పిల్లవాడిలా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. నువ్వు ఊదుతలేవు పెద్దాయనా, మళ్ళ మొదటి నుంచి. ఊదుతున్నాడు నాయనా, ఆయన దగ్గర ఉన్నది అంతే, ఉన్నదంతా నీకే ఇచ్చేస్తున్నాడు, అని లేచి వెళ్ళి చెప్పాలనిపించింది. ఒళ్ళో పెట్టుకున్న సంచిలో పాత ఎక్స్‌రేలు వంగిపోకుండా సరిచేసుకుంది. గొంతులో ఏదో కదిలింది. ఇప్పుడు కాదు, అనుకుంది, ఇక్కడ కాదు. సీసా మూత తీసి ఒక గుక్క నీళ్ళు తాగితే దగ్గు కాస్త కిందికి దిగింది. పోదు, అక్కడే కూర్చుంటుంది, ఆమెకు తెలుసు.

పొద్దున ఆటో దిగాక గేటు నుంచి ఈ బెంచీ దాకా రావడానికే చాలాసేపు పట్టింది. ఆస్పత్రి పక్క సందులో కంచె వేసి నిలబెట్టిన ఆక్సిజన్ ట్యాంకు ఉంది, యెషయా దాని దగ్గర ఆగి నడుం మీద చేతులు పెట్టుకుని పైనుంచి కిందికి చూస్తూ నిలబడ్డాడు. ఊపిరి అందక ఆగాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు. "చూడు, కాళ్ళ కాడ బోల్టుల సుట్టు తుప్పు కారుతుంది," అని ఆగి, "ప్రైమర్ కొట్టకుంటనే తెల్ల పెయింటు పూసిండ్రు," అని మళ్ళీ ఆగాడు. జెర ఊకో, తర్వాత చెప్దువు గాని, అంది. ఈ మధ్య ఆయన ఎక్కడ ఆగినా ఇనుమే చూస్తాడు. వంతెన రెయిలింగు, అపార్ట్‌మెంటు మెట్ల కడ్డీ, కాప్రా చెరువు గట్టు మీద గేటు, ఏదో ఒకటి పట్టుకుని దాని తుప్పు సంగతి చెబుతాడు. ఇదివరకు ఇలా ఉండేది కాదు. రైల్లో పోతుంటే కిటికీలోంచి వేలు పెట్టి చూపించేవాడు, గదిగో ఆ ట్యాంకు నాదే, దాని పక్కది సుత నాదే. ట్యాంకు మీద కంపెనీ పేరు మనిషంతెత్తు అక్షరాలతో ఉండేది. వాళ్ళమ్మాయి షెకీనా చిన్నప్పుడు ఆ మాటలు నిజమనుకుని, మా డాడీకి మస్తు ట్యాంకులున్నయ్ అని బళ్ళో చెప్పుకుంటే, టీచరు పిలిపించి మరీ నవ్వింది. ఆ రోజు ఆయన ఎంత నవ్వాడని. పడీ పడీ నవ్వి, ఆఖర్న దగ్గాడు. అప్పుడది ఉట్టి దగ్గే.

పెళ్ళయిన కొత్తలో ఆయనేం పనిచేస్తాడని ఎవరైనా అడిగితే పెయింటర్ అని చెప్పేది. ఆయనకు కోపం వచ్చేది. పెయింటరంటే గోడలకు సున్నం కొట్టేటోడనుకుంటరు, నేను ఇనుమును కాపాడేటోన్ని అనేవాడు. అన్నం ముందు కూర్చుని చెప్పుకుపోయేవాడు, చేతిలో ముద్ద ఆరిపోయేది. ట్యాంకు ఎంత మందమున్నా లోపల నూనో ఉప్పునీళ్ళో నిలవ ఉంటే తుప్పు తినేస్తుందట, పొరలు పొరలుగా ఊడి, చివరికి ఎక్కడో అడుగున సూదిమొనంత చిల్లు పడుతుందట. అందుకని ట్యాంకు ఖాళీ చేయించి, మనిషి దూరేంత కంతలోంచి లోపలికి పోయి, లావు పైపుతో గాలీ ఇసుకా కలిపి గోడల మీద కొట్టాలి. తుప్పంతా రాలిపోయి ఇనుము తెల్లగా బయటపడుతుంది. అలా బయటపడ్డ ఇనుము ఆగదు, గాలిలో చెమ్మ తగిలిందంటే సాయంత్రానికే ఎర్రబారుతుంది, కాబట్టి ఆ పూటే అడుగుపూత, ప్రైమర్, పడాలి, దాని మీద ఎపాక్సీ పెయింటు, అది ఆరాక ఇంకో కోటు, అన్నీ అయ్యాక ట్యాంకు అంచు కింద, పునాదికీ రేకుకీ మధ్య సందులో, వాననీళ్ళు దిగకుండా తారు ముద్ద కూరాలి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ట్యాంకుకు ఏమీ కాదు. ఏమీ కాదు, అని ముద్ద నోట్లో పెట్టుకునేవాడు, ఆ మాటతోనే కడుపు నిండినట్టు.

ఒకసారి చర్లపల్లి వైపు నూనె మిల్లుకు ఆమె అన్నం క్యారేజీ తీసుకుపోయింది. అప్పటికి షెకీనా కడుపులో పడలేదు. కంతలోంచి తెల్లటి దుమ్ము పొగలా వస్తూ ఉంది, కాసేపటికి చప్పుడు ఆగి, అందులోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు, తల మీద గోనెపట్టా టోపీ, కళ్ళ దగ్గర అద్దం, ఒళ్ళంతా పిండిలో పొర్లినట్టు. ఎవరో అనుకుంది. టోపీ తీస్తే ఆయనే. రా, లోపల చూద్దువు రా, అని చెయ్యి పట్టుకుని కంతలోంచి దించాడు. లోపల చల్లగా ఉంది. పైన ఒక్క గుండ్రటి వెలుగు. చుట్టూ ఇనుము, అప్పుడే తోమి బోర్లించిన గిన్నె లోపల నిలబడ్డట్టు, అంత శుభ్రమైన చోటు ఆమె ఎన్నడూ చూడలేదు, గుడిలోనూ చూడలేదు, ఆదివారం చర్చిలోనూ చూడలేదు. ఆశ కొద్దీ గోడ మీద చెయ్యి పెట్టింది. "చెయ్యి తియ్యి! చెమట అంటితే గాడనే తుప్పు పడ్తది," అని అరిచాడు. ఆమె బెదిరి వెనక్కి తీసుకుంటే, పాపమనిపించిందేమో, గొంతు తగ్గించి ఆమె పేరు పెట్టి పిలిచాడు, రోసమ్మా అని. ట్యాంకంతా పిలిచింది. పైనుంచి, కిందినుంచి, వీపు వెనకనుంచి, రోసమ్మా రోసమ్మా అని. ఇప్పటికీ ఒక్కోసారి ఆయన పక్క గదిలోంచి పిలిస్తే ముందు ఆ పిలుపే వినిపిస్తుంది, ఆ తర్వాతే ఈ పిలుపు, సగంలో తెగిపోయేది, రోస, అని, అంతవరకే.

ఆ గొంతుతోనే చర్చిలో పాట ఎత్తుకునేవాడు. ఆడవాళ్ళ వరసలో ఆమె తల దించుకుని నిలబడేది, అందరి గొంతుల్లోంచీ ఆయన గొంతు ఏరుకునేది. తర్వాత తర్వాత చరణం మధ్యలో ఆగడం, ఆ తర్వాత పల్లవి మాత్రమే అందుకోవడం, ఇప్పుడు వెనక కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పెదాలు కదపడం. తోటి పనివాళ్ళలో మొదట పోయింది బిక్షం. ఇద్దరూ ఒకే ట్యాంకులో చెరో పైపూ పట్టుకున్నవాళ్ళు. బిక్షానికి టీబీ అన్నారు, మాత్రలన్నీ మింగాడు, ఒక కోర్సు అయ్యాక ఇంకో కోర్సు, మనిషి కట్టెపుల్లయ్యాడు. చావు దగ్గర బిక్షం భార్య ఏడవలేదు, ఇంక దగ్గడు కదా, పండుకోనీయుండ్రి అంది. యెషయాకూ టీబీయే అన్నారు. ఇక్కడికి వచ్చాకనే, ఈ డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, ఇది టీబీ కాదు, సిలికోసిస్, ఇసుక దుమ్ము లోపల పేరుకుంది అని చెప్పింది. రెండు ఊపిరితిత్తుల నిండా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మరి ఎట్ల పోతది మేడమ్, అని అడిగాడు ఆయన. ఎంత తుప్పయినా కొడితే పోతుందని తెలిసిన మనిషి కదా. పోదు పెద్దాయనా, అంది డాక్టరమ్మ.

అప్పట్లో ఆయన ముక్కుకు కట్టుకోవడానికి ఆమే గుడ్డలు కుట్టేది. మోండా మార్కెట్‌కు పోయి తెల్లటి మల్లుగుడ్డ తెచ్చి, నాలుగు మడతలు వేసి, వెనక ముడి వేసుకోవడానికి తాళ్ళు పెట్టి. ఎంత జాగ్రత్తగా కుట్టింది. సాయంత్రం ఉతికితే బకెట్టు అడుగున పాలలాంటి మడ్డి మిగిలేది, అది చూసి, హమ్మయ్య, ఇదంతా గుడ్డ ఆపింది అనుకునేది. ఆపనిది కంటికి కనబడదు కదా. తన ముక్కుకు ఏమీ కట్టుకునేది కాదు. కట్టుకోవాలని ఎవరూ అనలేదు, తనకూ తోచలేదు. పెరట్లో పనికి ముక్కుకు గుడ్డ కట్టుకునే ఆడది ఎవరు.

పెరడు అంటే పెరడు కాదు, కాంట్రాక్టరు రామభద్రరావు గారి యార్డు. కాప్రాలో వాళ్ళకు ఆయన ఇచ్చిన గది దాని మూలనే ఉండేది, వంటింటి తలుపు తీస్తే ఇసుక కుప్పే. లారీ వచ్చి పోసేది. దాన్ని టార్పాలిన్ల మీద పరిచి ఎండబెట్టాలి, రాళ్ళేరాలి, పెద్ద జల్లెడలో వేసి ఊపాలి, సంచుల్లో నింపి మూతి కుట్టాలి. ముందు ఎవరో కూలీలుండేవారు, వాళ్ళు మానేశాక, ఇంట్ల ఉట్టిగనే ఉంటవు కద జెర చూడు అన్నాడు యెషయా, అంతే. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు, ఒకరోజు జెర, మర్నాడు జెర. గుంజకు చీర కట్టి ఉయ్యాలలో షెకీనాను పడుకోబెట్టి జల్లించింది. ఇసుక దొరకని రోజుల్లో ట్యాంకులో కొట్టిన ఇసుకనే ఊడ్చి వెనక్కి తెచ్చేవారు, మళ్ళీ జల్లించాలి. అది వేరు. ఇసుకలా ఉండదు, ముట్టుకుంటే పౌడరులా వేళ్ళకు అంటేది, జల్లెడ కదిపితే లేచి ఆమె చుట్టూ నిలిచేది, ఎండ పడి మెరిసేది. అందంగా ఉండేది, నిజం చెప్పాలంటే. రామభద్రరావు గారు వచ్చినప్పుడు చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుని గాలికి అవతల పక్క నిలబడి మాట్లాడేవారు. పెద్దవాళ్ళ అలవాట్లు అనుకునేది. చివరికి కంపెనీలు ఇసుక వద్దు, రాగి మడ్డితో చేసిన నల్ల గుళికలు వాడండి అనడం మొదలుపెట్టాక యార్డు మూతబడింది. ఆ చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.

దగ్గు ఎప్పుడొచ్చిందో కూడా అలాగే తెలియదు. వంటింట్లోనే దగ్గుతుంది. కొళాయి తిప్పి దగ్గుతుంది, మిక్సీ వేసి దగ్గుతుంది. పోపు ఘాటని చెబుతుంది. షెకీనా ఏ.ఎస్. రావు నగర్‌లో బట్టల షాపులో చేస్తుంది, పొద్దున పోయి రాత్రికి వస్తుంది, దానికి తెలియనివ్వదు. మెట్లెక్కేటప్పుడు ఈమధ్య ఆయన ఆగితే మంచిదనిపిస్తోంది, తనూ ఆగొచ్చు. ఈ మాట తనకు తానే అనుకుని సిగ్గుపడింది. ఆయనకు తెలియకూడదు. ఉన్న కొంచెం గాలీ దిగులుకే అయిపోతుంది. నువ్వన్నా మంచిగున్నవ్, అంటాడు రోజూ పడుకునే ముందు, ప్రార్థన చేసుకున్నట్టు.

తలుపు తెరుచుకుంది. యెషయా గోడ పట్టుకుని వచ్చాడు, చెమటతో చొక్కా తడిసిపోయి. "ఆయన ఒర్లుతడు, నాకు వస్తలేదు," అన్నాడు తప్పుచేసినట్టు. "వచ్చినంతనే వస్తది, పా," అని ఆమె సంచి చంకన పెట్టుకుని ఆయన మోచెయ్యి పట్టుకుంది.

డాక్టర్ కల్పలత చిన్న వయసు మనిషి, కళ్ళజోడు, ఎప్పుడూ తొందరే, కాని చూసినంతసేపూ మనిషి మొహంలోకే చూస్తుంది. కాగితం చూసి, పోయినసారి కంటే ఇంకా తగ్గింది, ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ పెట్టుకోవాల్సి వస్తుంది అంది. అట్లనే మేడమ్, అన్నాడు యెషయా, ఎవరో ఇంకో కోటు కొట్టమన్నట్టు. రోసమ్మ వినాలనుకుంది, మెషీన్ ఎక్కడ దొరుకుతుందో, కరెంటు పోతే ఏం చెయ్యాలో అడగాలనుకుంది, నోరు తెరిచింది, మాటకు బదులు దగ్గు వచ్చింది. కొళాయి లేదు, మిక్సీ లేదు. కొంగు అడ్డం పెట్టుకుంది, వంగిపోయింది, ఆగుతుందనుకున్నప్పుడల్లా ఇంకొకటి అడుగు నుంచి లేచింది. తల ఎత్తేసరికి ఇద్దరూ తన వైపే చూస్తున్నారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అంది డాక్టర్.

"మొన్న సలి పెట్టింది మేడమ్, గంతే."

డాక్టర్ లేచి వచ్చి ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి, ఊపిరి తియ్యమంది, వదలమంది, ఇంకోచోట పెట్టింది. చల్లగా తగిలింది. "మీరు కూడా ఆయనతో పనికి వెళ్ళేవాళ్ళా?"

రోసమ్మ లేదనబోయింది. ఆ మాట తయారుగానే ఉంది నాలుక మీద. కాని ముందే యెషయా అందుకున్నాడు. "లేదు మేడమ్. నేను ఆమెను ఎన్నడు పనికి తోల్కపోలే. ఇంట్లనే ఉండేది. కూసోవెట్టి సాదిన." ఆ మాట అంటూ కాస్త నిటారుగా కూర్చున్నాడు. ఈ గదిలోకి వచ్చాక ఆయన అలా కూర్చోవడం అదే మొదలు.

ఇంట్లనే ఉండేది. నిజమే కదా, ఇంట్లనే ఉంది. ఊరుకో, అనుకుంది, ఆయనకు ఉన్నది ఆ ఒక్క మాటే, ఉంచుకోనీ. కూసోవెట్టి. ఎప్పుడు కూర్చుంది? జల్లెడ పట్టి ఊపితే భుజాలు పట్టేసి జడ వేసుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు, పక్కింటి మార్త వచ్చి వేసేది. గోనె కుట్టి కుట్టి వేళ్ళు పగిలితే పసుపు పెట్టుకుని మళ్ళీ కుట్టింది. ఆయన ఏ ట్యాంకులో నిలబడి ఇనుమును తెల్లగా చేసినా, రైలు కిటికీలోంచి నాదే నాదే అని చూపించిన ప్రతి ట్యాంకులోనూ, ఆమె చేతిలోంచి పోయిన ఇసుకే కదా కొట్టింది. ఒక్కసారీ మనది అనలేదు. ఆమెకూ అప్పుడు తోచలేదు, ఇదిగో ఇప్పుడు, ఈ ముసలితనంలో, ఈ బల్ల ముందు, ఎక్కడినుంచి వచ్చిందో అది. చల్లటి స్టెతస్కోపు ఇంకా వీపు మీదే ఉంది.

"ఇసుక జల్లించింది నేనే మేడమ్," అంది.

"ఏ ఇసుక?"

"ట్యాంకులల్ల కొట్టిన ఇసుక. ఎండవెట్టింది, జల్లించింది, సంచులల్ల నింపింది అంత నేనే. వాడిన ఇసుక మల్లొస్తే అది సుత నేనే జల్లించిన. షెకీనా పుట్టకముందు నుంచి, యార్డు మూసేదాక."

డాక్టర్ స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుంది. రోసమ్మ భర్త వైపు చూసింది, చూడకుండా ఉండాల్సింది. ఆయన ఎవరి సంగతో వింటున్నట్టు వింటున్నాడు. పెదాలు కదిలాయి. "అది... అది ఇంటి కాడ పని కద మేడమ్," అన్నాడు మెల్లగా. డాక్టర్ ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. తన కుర్చీలోకి వెళ్ళి, వేరే కాగితం తీసుకుని, పేరు అడిగి రాసింది. ముందు ఎక్స్‌రే తీయించుకుని రండమ్మా, ఊదే పరీక్ష తర్వాత చూద్దాం. యెషయా వీపు మళ్ళీ వంగింది. అది ఆమె కళ్ళ ముందే వంగింది. అన్న మాటను వెనక్కి తీసుకునే వీలుంటే అప్పుడే, ఆ గుమ్మం దాటకముందే, తీసుకునేది.

ఎక్స్‌రే గది ముందు చాలామంది ఉన్నారు. ఇద్దరికీ ఒకే బెంచీ మీద చోటు దొరికింది. ఆయన వంగి కూర్చున్నాడు. కాళ్ళ మధ్య నేలను చూస్తున్నాడు. ఇక్కడ గోడకు కడ్డీలు లేవు, తుప్పు లేదు, వంక పెట్టుకుని చూడటానికి ఏమీ లేదు. ఎవరో పసిబిడ్డను ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆమె షెకీనాకు ఫోన్ చెయ్యాలా అని అడగబోయి, సంచిలో ఎక్స్‌రేలు మళ్ళీ సరిచేసుకుంది. ఆయన చెయ్యి మోకాలి మీద ఉంది, పైపు పట్టీ పట్టీ బొటనవేలి దగ్గర కాయ కట్టిన చెయ్యి, ఇన్నేళ్ళయినా ఆ కాయ పోలేదు.

"నీళ్ళు సల్లి జల్లించుమని నీకు చెప్పలేదా నేను?" అన్నాడు హఠాత్తుగా, ఆమె వైపు చూడకుండా. "దుమ్ము లేవకుంట. చెప్పిన కద. చెప్పలే?"

అప్పటి యార్డులో ఎండ. టార్పాలిన్ మీద ఇసుక, వంగి పిడికిట్లోకి తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తున్న ఆయన, వయసులో ఉన్న ఆయన. ఇట్ల ఉండాలె చూడు రోసమ్మా, ఉప్పు లెక్క, పొడిగ. జెర తడి ఉన్నా పైపుల అడ్డం పడ్తది, లోపల పని ఆగిపోతది. తడి ఒక్క సుక్క తగలొద్దు. ఆమె తల ఊపింది, మబ్బు పట్టిన రోజుల్లో పరుగెత్తి పట్టాలు కప్పింది, చంటిదాని పాలకంటే ముందు ఇసుకే చూసుకుంది, ఒక్క సంచీ తడిసిపోనివ్వలేదు. నీళ్ళ మాట ఆయన ఏనాడూ అనలేదు. ఆయనకూ తెలియదు, ఎవరికి తెలుసు. ఆయన ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జవాబు కోసం చూస్తున్నాడు, లోపల ఆ గొట్టం నోట్లో పెట్టుకుని గాలి కోసం వెతికినట్టు వెతుకుతున్నాడు ఆమె మొహంలో.

"చెప్పినవ్," అంది రోసమ్మ. "ఎన్నిసార్లు చెప్పినవ్. నేనే ఇనలే."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఊపిరి వదిలాడు, తలుపు వెనక ఎంత అడిగినా రానంత పొడుగ్గా.

"నువ్వు ఎప్పుడు ఇన్నవ్ నా మాట," అన్నాడు. "గట్లనే జేస్తవ్. మొండిదానివి. నీళ్ళు సల్లితే ఏం పోయింది నీకు? పక్కకే నీళ్ళ నల్ల ఉండె. ఒక్క చెంబు." ఆగాడు, గాలి తీసుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. గొంతు పాతరోజుల్లోలా కొంచెం లేచింది. పేరు పిలిచేదాకా ఆయన తిడుతూనే ఉన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, ఆమె చేతిని మాత్రం వదలకుండా. ఆమె తల వంచుకుని, అవును, తప్పు నాదే అంటూ, అన్నీ విన్నది.